మా చెల్లెలి ఎడమ భుజం

మా చెల్లెలు పోయిన కబురు నేను దీపం పెడుతుండగా వచ్చింది. నేను బాతెల్‌లో, తను విమానంలో నాలుగు గంటల దూరాన అరోరాలో. మరిది ఫోన్ చేశాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "వదినగారూ, ఇక లేదండీ" అన్నాడు. చేతిలో ఉన్న వత్తి వెలిగించాకే లేచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు.

అరోరా గుడికి వచ్చే మీలో చాలామంది తనను అక్కడి వంటింట్లో పులిహోర కలుపుతుండగా చూసే ఉంటారు. వంగపండు రంగు జాకెట్టు, మోచేతుల దాకా చేతులు. ఏ చీర కట్టినా అదే. "ఇంకోటి లేదా నీకు?" అంటే, "ఇది నా మాట వింటుందక్కా, మిగతావి వినవు" అనేది. బేస్‌మెంట్‌లో మిషన్ మీద తనే కుట్టుకుంది. కొత్తది ఏది కుట్టినా తొడిగే ముందు లోపలి మూలకు కాస్త పసుపు రాసేది.

తన ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం కిందికి ఉండేది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి ఎముక విరిగింది. సైకిల్ తొక్కింది నేను. వెనక కూర్చుని తను వద్దంటున్నా వాలులో బ్రేకు వదిలేసింది నేను. ఇంట్లో మాత్రం "నేనే దూకానమ్మా" అని చెప్పి, కట్టుతోనే తిట్లూ తింది. నేను నోరు విప్పలేదు. పెద్దయ్యాక పైట జారినప్పుడల్లా నా చెవిలో "చూడు, నీ భుజం మళ్ళీ అల్లరి చేస్తోంది" అని నవ్వేది. ఇన్నేళ్ళూ నన్ను అలాగే దాచిపెట్టింది.

కర్మలు అయ్యాక అరోరాలోనే, వాళ్ళింట్లో ఉండిపోయాను. చెల్లెలి కూతురికి వచ్చే నెల గ్రాడ్యుయేషన్. ఆ రోజు అమ్మ చీర, అమ్మ జాకెట్టు వేసుకోవాలని అమ్మాయి కోరిక. తొడిగి చూడగానే చంక దగ్గర గుడ్డ చిరిగింది. అంత పాతది.

"పెద్దమ్మా, సేమ్ ఇలాగే కుట్టగలవా? ప్లీజ్. ఎగ్జాక్ట్‌గా."

ఆన్‌లైన్‌లో జాకెట్టు ప్యాటర్న్‌లు డౌన్‌లోడ్ చేసి, కాగితాలన్నీ ప్రింట్ తీసి, నేల మీద టేపుతో అతికించింది. ఏదీ దగ్గరకు రాలేదు. "ఇది బ్లౌజ్ కాదు పెద్దమ్మా, టెంట్" అని తనే నవ్వి, ఆ వెంటనే ఏడ్చింది.

దారి ఒకటే. పాతదాని కుట్లు విప్పి, ముక్కలు కాగితం మీద పరిచి గీసుకోవాలి. విప్పితే ఇక అది ఉండదు. రెండు రోజులు బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. ఆ గుడ్డలో ఇంకా తన వాసన ఉంది. మూడో ఉదయం దేవుడి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని విప్పాను. లోపలి మూలన పసుపు మరక. ఎడమ భుజం కుట్టు ఏటవాలుగా దిగి ఉంది. ముక్కలన్నీ ఇస్త్రీ చేశాను. అన్నీ చదునయ్యాయి. ఆ భుజం ముక్క మాత్రం మెల్లగా మళ్ళీ వంగింది, లోపల మనిషి ఉన్నట్టు.

రెండు వైపులూ ఒకేలా రావాలని జాకెట్టు గుడ్డను మడిచి కోస్తాం. మడిస్తే ఆ భుజం పోతుంది.

"నీ భుజాలు సమంగా ఉన్నాయమ్మా. నీకు తగ్గట్టు కోస్తాను."

"నో పెద్దమ్మా. అమ్మది ఎలా ఉంటే అలా."

మడవకుండా, రెండు భుజాలూ విడివిడిగా కోశాను. కుట్టడం అయ్యాక లోపలి మూలకు పసుపు రాశాను.

నిన్న తొడిగింది. నేను పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎడమ వైపు పట్టేసి ముడత పడింది. విప్పి సరిచేద్దామని చెయ్యి వేశాను.

"ఆగు" అంది. ఎడమ భుజం కాస్త కిందికి దించింది. ముడత పోయింది. అద్దంలో మా చెల్లెలు నిలబడి ఉంది.

"అమ్మ షోల్డర్ ఎందుకిలా ఉండేది? ఎప్పుడడిగినా, 'మీ పెద్దమ్మని అడుగు' అనేది."

సూదులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేశాను. సైకిల్ సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ అమ్మాయి అద్దంలోంచి నన్నే చూస్తూ ఉంది. భుజం పైకెత్తలేదు.