పురుగు గూడు కట్టేదాకా

పెళ్ళై సాదలికి వచ్చిన కొత్తలో జరిగిందిది. మా అత్తగారింట్లో పట్టుపురుగులను ఇంట్లోనే పెంచేవారు. మరుగుదొడ్డి ఆ గదిని ఆనుకునే ఉండేది. చింతామణిలో మా పుట్టింట్లో రోజు విడిచి రోజు ఫినాయిలుతో కడిగేవాళ్ళం. ఇక్కడ అత్త ముందే చెప్పింది: “పురుగు గూడు కట్టేదాకా ఫినాయిలు ముట్టొద్దమ్మా. ఆ వాసన దానికి పడదు. వట్టి నీళ్ళు పోసి రుద్దు, చాలు.”

మూడు వారాలకు మరుగుదొడ్డి కంపు భరించడం నావల్ల కాలేదు. పైగా మరునాడు మా అమ్మ మొదటిసారి వస్తోంది. అత్తామామలు మల్బరీ ఆకు కోయడానికి పోగానే, చాటుగా తెచ్చుకున్న ఫినాయిలు సీసా మొత్తం కుమ్మరించి కడిగేశాను.

ఇంట్లోకి అడుగు పెట్టగానే అత్తకు వాసన తగిలింది. నా వైపు చూసి, గబగబా కిటికీలు తెరిచింది. సాయంత్రానికి పురుగులు ఆకు ముట్టలేదు. తలలెత్తి పచ్చగా కక్కాయి. తెల్లారేసరికి తట్టల నిండా చచ్చి పడి ఉన్నాయి. ఇంకో రెండు రోజుల్లో గూళ్ళు కట్టవలసినవి.

పెరట్లో మామ వాటిని గుంతలో పూడుస్తుండగా అమ్మ వచ్చింది. “ఆయమ్మ ముందర ఎవురూ ఏమీ అనొద్దండి,” అని అత్త అందరికీ చెప్పి ఉంచింది.

అమ్మ బాత్రూముకు వెళ్ళొచ్చి, “ఎంత సుబ్బరంగా పెట్టుకోనుండారమ్మా!” అని మెచ్చుకుంది. అత్త తల దించుకొని, “కాపీ తాగమ్మా” అంది.

ఇప్పుడు పురుగులకు తోటలో వేరే షెడ్డు ఉంది. మరుగుదొడ్డి నాకు ఇష్టమొచ్చినప్పుడల్లా కడుక్కోవచ్చు. ఆ రోజు గురించి అత్త ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.