నా జేబుకు చెకింగ్ చేసిన పెద్దమ్మ

మిరపకాయల పెద్దమ్మ పోయిన సంగతి నాకు నా బస్సులోనే తెలిసింది. మనూరు నుంచి నారాయణఖేడ్‌కు పొద్దున మొదటి ట్రిప్పు. ఆమె ఊళ్లో ఎక్కిన ఒకాయన టిక్కెట్టు తీసుకుంటూ, "మీ పెద్దమ్మ నిన్న పోయింది. పొద్దుగూకకముందే మట్టి చేసినం" అన్నాడు. ఆయనకు చిల్లర ఇవ్వడం మరిచిపోయాను. ఇన్నేళ్ల కండక్టరు కొలువులో నేను అట్లా మరిచిపోవడం అదే మొదలు.

ఆమె నాకు చుట్టం కాదు. ప్రతి వారం ఖేడ్‌లో సంత జరిగే అంగడి రోజు రెండు గంపల ఎండుమిరపకాయలతో నా బస్సెక్కేది. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లో ఓ మూలకు సర్దుకుని ఉండేది. ఆమె ఎక్కగానే బస్సంతా తుమ్ములే. డ్రైవరు విసుక్కుంటే, "తుమ్ము రాకుంటే అది మిరపకాయనా?" అనేది. అక్షరం ముక్క రాదు. కానీ డబ్బు నిలుపుకోవడం నాకు నేర్పిన గురువు ఆమే.

పెళ్లయిన ఏడేళ్లలో మేము ఐదు కిరాయి ఇళ్లు మారాం. ఒకాయన పిల్లల గోల అన్నాడు. ఒకావిడ నీళ్లు ఎక్కువ వాడుతున్నారంది. ఐదో ఇంట్లో నా భార్య సగం గిన్నెలు మూటలోనే ఉంచేసింది. "మల్ల కట్టుడేనాయె, ఇప్పుడెందుకు విప్పుడు?" అంది. కోపంగా అన్నా ఓర్చుకునేవాణ్ని, మామూలుగా అంది. ఎట్లాగైనా ఖేడ్‌లో రెండు గదులు కట్టాలని ఆ రోజే అనుకున్నాను. అనుకుంటే సరిపోతుందా? నా జీతం ఇరవయ్యో తారీఖు మొహం చూసేది కాదు.

ఒకనాడు ఈ బాధ పెద్దమ్మ ముందు వెళ్లబోసుకున్నాను.

"జీతమంత ఏం జేస్తున్నవ్ కొడుకా?"

"ఏమో, తెలుస్తలేదు పెద్దమ్మా."

"బస్సుల పది పైసలు తక్కువైతే తెలుస్తది గదా?"

"తెల్వకుంటే నౌకరి ఉంటదా?"

"మరి ఇంట్ల తక్కువైతే ఎందుకు తెల్వదు? బస్సుల ఎట్ల రాస్తవో ఇంట్ల గట్లనే రాయి."

నోటుబుక్కు కొన్నాను. టీ, బీడీలు, దోస్తు చేతిలో పెట్టిన రూపాయి, అన్నీ రాశాను. అంగడి రోజు ఆమె బస్సెక్కి, గంపలు సర్దుకుని, అందరి ముందూ "చెకింగ్!" అని కేక వేసేది. ఆమెకు చదువు రాదు కనక నేనే పైకి చదవాలి. నా బీడీల లెక్క బస్సంతా వినేది. ఆ సిగ్గుకే బీడీలు సగమయ్యాయి. ఎంత బాగా రాసినా ఆమె మెచ్చుకోలు "సరే పో" దాటేది కాదు. జీతం రోజు మాత్రం ఒక మాట తప్పకుండా చెప్పేది: "మొదటి టిక్కెట్టు ఇంటికి కొట్టు కొడుకా. మిగిలిన ఖర్చులు నిలవడి వస్తయి." అట్లా జీతం అందగానే పోస్టాఫీసుకు పోవడం అలవాటైంది.

రెండేళ్లు గడిచాయి. మనూరు రోడ్డులో చిన్న జాగా మాట్లాడుకున్నాం. దసరాలోగా పూర్తి డబ్బు ఇవ్వకపోతే వేరేవాళ్లకు అమ్ముతానన్నాడు యజమాని. సరిగ్గా అప్పుడే నాకు బుద్ధి గడ్డి తిన్నది. ఒక టేప్‌రికార్డర్ కొన్నాను. నోటుబుక్కులో ఆ ఖర్చును "బియ్యం" అని రాసి, బస్సులో గడగడా చదివేశాను.

పెద్దమ్మ చేయెత్తి ఆపింది. మాది కర్ణాటక సరిహద్దు; కోపమొస్తే ఆమెకు కన్నడం వచ్చేది, 'చూడు' కాస్తా 'నోడు' అయ్యేది. "నోడు కొడుకా! మీ ఇంట్ల నలుగురు. గిన్ని బియ్యం ఎవలు తిన్నరు? పెండ్లి జేసినవా?"

బస్సంతా నవ్వింది. ఖేడ్‌లో దిగాక తల వంచుకుని నిజం చెప్పాను. జాగాకు ఆ డబ్బే తక్కువ పడుతోందని చెప్పి, సర్దమని అడిగాను.

"ఉన్నయి. గని ఇయ్య. ఇస్తే మల్ల గిదే జేస్తవ్. ఆ డబ్బా పట్కరా."

తర్వాతి అంగడిలో మిరపకాయల కుప్ప మీద గోనెపట్టా పరిచి, టేప్‌రికార్డర్‌ను కూర్చోబెట్టి, పాట పెట్టించింది. జనం మూగారు. బేరమాడిన వాడితో, "వారం దినాలే పాడింది. గొంతు గూడ పోలేదు" అని గట్టిగా నిలబడింది. నేను కొన్న ధరకు యాభై తక్కువతో అమ్మి, డబ్బు నా చేతిలో పెట్టింది. "గా యాభై జుర్మానా. టిక్కెట్టు లేకుండ ఎక్కినందుకు" అంది. ఆ యాభై పూడ్చడానికి బీడీలు పూర్తిగా మానేశాను. దసరాకు నాలుగు రోజుల ముందు జాగా మాదైంది.

ఇల్లు లేవడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆమె అప్పుడు తిట్టకపోయి ఉంటే, జాలిపడి డబ్బు ఇచ్చి ఉంటే, నేను ఇప్పటికీ కిరాయి ఇళ్ల చుట్టూ తిరుగుతుండేవాణ్ని. ఈ మాట ఆమె ఉండగా చెప్పలేదు. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను.

కొత్త ఇంట్లో దిగిన రోజు మధ్యాహ్నం, పెద్దమ్మ అంగడి ముగించుకుని వచ్చింది. గంపలు బయటే పెట్టింది. రెండు గదులూ తిరిగి గోడలు తడిమి చూసింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"గీడ జర ఒరిగితే ఎవలన్న లేవమంటరా?" అని నా భార్యను అడిగింది.

"ఎవ్వలంటరు పెద్దమ్మా? మనిల్లే గదా."

కొంగు తల కింద మడిచి పెట్టుకుని, చల్లటి కొత్త బండల మీద ముడుచుకుని పడుకుంది. నిమిషంలో నిద్ర పట్టేసింది. విస్తళ్లు వేస్తున్న చుట్టాలు గొంతులు తగ్గించారు. అన్నం చల్లారిపోతున్నా ఎవరూ ఆమెను లేపలేదు. కాసేపటికి ఎండ గడప దాటి ఆమె పాదాల మీదికి వచ్చింది. నా భార్య లేచి వెళ్లి మా సొంత తలుపును మొదటిసారి, చప్పుడు కాకుండా, సగం దగ్గరికి వేసింది.