దివాణం పట్టా ఉన్న గంజాయి

సర్కారే పట్టా ఇచ్చి అమ్మిస్తే గంజాయి వల్ల కీడు తగ్గుతుందని వాదించేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బస్తరు రాజుల కాలంలో, సువార్త చెప్పడానికి శబరి నది దాటి కొంటా వెళ్లినప్పుడు, దివాణం పట్టా ఇచ్చిన గంజాయి దుకాణం ఎలా ఉంటుందో చూశాను.

అప్పుడే తొలకరి పడింది. పక్క పల్లె నుంచి దొర్ల తెగకు చెందిన ఒక ఆడమనిషి రెండు ఎద్దులను తోలుకొచ్చి ఆ దుకాణం గుంజకు కట్టేసింది.

"ఏందే ఇది?" అని దుకాణదారు అరిచాడు.

"నా మొగడు నీ గంజాయి తాగి పండిండు. మాలో ఆడది నాగలి ముట్టొద్దు. నువ్వే వచ్చి దున్ను, సేటూ!"

జనం నవ్వారు. నేను నిర్ఘాంతపోయాను. కలుపు, కోత, మోత అన్నీ చేసే మనిషికి నాగలి ఒక్కటే నిషేధమట.

"నాకు పట్టా ఉంది. దొంగతనంగ అమ్ముతున్ననా?" అంటూ అతడు ఠాణా జవానును పిలిచాడు. దారికి అడ్డమని జవాను ఆ ఎద్దులను విప్పి బందెలదొడ్డికి తోలాడు. దుకాణం మాత్రం తెరిచే ఉంది.

"అమ్మా, నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాను.

"చెయ్యి అయ్యా. దున్నెటోణ్ణి పంపమను. నేల పదును పోతాంది."

అక్కడే మోకరించాను. ఆమె అడగమన్నదే అడిగాను. ఆ దుకాణం కూలిపోవాలని కూడా అడిగాను.