రింగు ఆగే చోటు

వానలు మొదలయ్యాక ఎండ కాసిన రోజు చూసి బీరువాలోంచి పాత లెన్సు తీస్తాను. వరండాలో తెల్లగుడ్డ పరిచి దాని మీద పెడతాను. అప్పుడప్పుడూ ఎండ తగలకపోతే గాజులో బూజు పడుతుంది. ఒక గంట పోయాక చేతిలోకి తీసుకుని జూమ్ రింగు తిప్పుతాను. సగం దాటిన తర్వాత ఒకచోట అది పట్టేస్తుంది. కాస్త బలం పెడితే కిర్రుమని కదిలి ముందుకు వెళుతుంది. సరిగ్గా అప్పుడే నాకు ఉడుకుతున్న చెరుకుపాకం వాసన వస్తుంది. ఎప్పటిదో వాసన ఇనుములో దాగి ఉంటుందా అని మా ఆవిడ నవ్వుతుంది. ఆమె ఆ మాట మొదటిసారి అన్నది మా పెళ్లయిన ఏడాది, మా అత్తగారి ముందు. అది కూడా నాకు గుర్తుంది.

నాకు అన్నీ గుర్తుంటాయి. ఎవరు ఏ మాట అన్నారు, ఆ సమయానికి పక్కన ఎవరున్నారు, వాళ్లలో ఎవరు నవ్వారు, అన్నీ. బస్సు ఆపకుండా వెళ్లిన డ్రైవరు మీద నేను రాసిన అర్జీల నకళ్లు ఇప్పటికీ ఒక ఫైలులో ఉన్నాయి. ఇలాంటి మనిషిని దగ్గరకు రానివ్వడానికి ఎవరికైనా ఓపిక కావాలి. చోడవరం బస్టాండు వెనక సందులో ఫొటో స్టూడియో నడిపిన జిలానీ గారికి ఆ ఓపిక ఉండేది. అనకాపల్లి నుంచి రోజూ మొదటి బస్సులో వచ్చి స్టూడియో తలుపు తీసేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. వేళ్ల చివర్లు ఫొటోలు కడిగే మందునీళ్లలో నాని గోధుమరంగుకి తిరిగి ఉండేవి. ఆయనను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో సంగతి. నేను చోడవరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. మా ఊరు రావికమతం వైపు. నాన్న పోయాక అన్నయ్య చెరుకు వేసి, పొలంలోనే గానుగ పెట్టి బెల్లం వండేవాడు. అమ్మ అతని దగ్గరే ఉండేది. ఉద్యోగం వచ్చిన ఏడాది నేను ఒక పాత కెమెరా కొనుక్కుని, గానుగ మొదలుపెట్టిన రోజున ఊరెళ్లాను. ఫొటో తీద్దామని కంటికి ఆనించుకుంటుంటే అన్నయ్య కూలీలందరి ముందూ అన్నాడు: "ఒరే, ఆ డబ్బా అవతల పారేసి రెండు మోపులు పిప్పి మొయ్. ఉజ్జోగం వచ్చినాక సేతులు మెత్తబడిపోనాయేటి?" ఏడుగురు కూలీలు. అందులో నలుగురు నవ్వారు. అన్నయ్య పొలంలో మళ్లీ కాలు పెట్టనని ఆ శనివారమే ఒట్టు పెట్టుకున్నాను. అమ్మ చోడవరం వస్తే గదిలో చూసేవాణ్ణి. మూడేళ్లు గడిచాయి.

కానీ ఆ రోజు తీయకుండా ఆగిపోయిన ఫొటో నన్ను వదల్లేదు. గానుగ పాకలో పెద్ద పెనం పక్కన అమ్మ కూర్చుని, పాకం ముదిరిందో లేదో చూడటానికి ఒక చుక్క నీళ్లలో వేసి వేళ్లతో నొక్కి చూస్తుంది. మా చుట్టుపక్కల పొలాల వాళ్లు కూడా ఆమె "దించండి" అంటే తప్ప పెనం దించేవారు కాదు. ఈ మూడేళ్లలో ఆమెకు దగ్గు పట్టుకుంది. పొగలోకి వెళ్లవద్దని డాక్టరు చెప్పాడనీ, ఆ ఏటి గానుగే ఆఖరనీ నాకు తెలిసింది. ఫొటో కావాలి, పొలంలో కాలు పెట్టకూడదు. దీనికి నాకు తోచిన దారి ఒక్కటే. పొలం పక్కనున్న కాలువ గట్టు పంచాయతీది, అన్నయ్యది కాదు. దాని మీద నిలబడి తీయగలిగే పెద్ద లెన్సు కొనాలి.

జిలానీ గారి దగ్గరకు అలా వెళ్లాను. పాస్‌పోర్టు ఫొటోల కోసం వచ్చిన ఇద్దరి పని అయ్యేదాకా నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు. తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఏటి తీస్తారు బాబూ?" అన్నారు.

"దూరంగా ఉన్నవి."

"దూరంగా ఏటున్నాయి?"

"పిట్టలండీ."

"ఏ పిట్ట?"

నాకు వెంటనే ఏ పిట్టా తోచలేదు. "కొంగ" అన్నాను.

"కొంగ కోసం అంత డబ్బు ఎడతారేటి? అది కదలనే కదలదు, మీరే దాని దగ్గరకెల్లొచ్చు." ప్రింట్ల కోసం ఇంకా అక్కడే ఉన్న పాస్‌పోర్టు ఫొటోల వాళ్లిద్దరూ నవ్వారు.

విశాఖపట్నంలో ఒక షాపు అద్దాల వెనక చూసిన మూడువందల మిల్లీమీటర్ల లెన్సు గురించి చెప్పాను. కొత్తది, నా మూడు నెలల జీతం. అది కుదరకపోతే ఉన్న లెన్సుకే తగిలించే డబ్లరు కొందామనుకుంటున్నానని కూడా చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "డబ్లరు ఎడితే దూరం సగమౌతాది, ఎలుతురు పావౌతాది. అదేటి బేరం? ఆ షోకేసుది సేత్తో పట్టుకుంటే వొణుకుతాది, స్టాండు కొనాల. స్టాండు కొన్నాక సంచీ కొనాల." సొరుగులోంచి తన లెన్సు తీసి చూపించారు. డెబ్భై నుంచి రెండువందల పది దాకా వెళ్లే జూమ్. పాతదే గాని గీత పడలేదు. పాత లెన్సు ఎలా చూడాలో అప్పుడే నేర్పారు. ట్యూబులైటుకి ఎదురుగా పట్టి లోపల సాలెపోగులాంటి బూజు ఉందేమో చూడాలి. మూతి కిందికి వంచితే గొట్టం దానంతట అది జారకూడదు. చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. అంతా విని, ఎంతకిస్తారని అడిగాను.

"ఇప్పుడు మీకమ్మను" అన్నారు.

అందరి ముందూ. నాకు చెవులు వేడెక్కాయి. లేచి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా ఆయన ఖాళీ ఫిల్ము డబ్బా అట్ట ఒకటి తీసుకుని, దాని మీద నెగటివు ముక్క పెట్టి గీత గీసి, ఆ కొలతకే బ్లేడుతో చిన్న కిటికీ కోశారు. పూలు కట్టే దారం గుచ్చి మూడు చోట్ల ముడి వేశారు. ఒకటి రెండంగుళాల దగ్గర, ఒకటి ఎనిమిది అంగుళాల దగ్గర, ఆఖరిది అడుగు దగ్గర. "ఈ ముడిని కన్ను కింద ఎముక మీద ఎట్టుకుని దారం బిగించి, కిటికీలోంచి సూడు. మొదటి ముడి నీకున్న లెన్సు. రెండోది నాది. మూడోది షోకేసుది. ఎంత దూరం కావాలో ముందు నీ కన్నుని తేల్చుకోనీ. రెండు నెల్లు తిరిగి, ఏది సూసేవో, ఏ ముడికి సరిపోయిందో, ఎక్కడ నిలబడ్డావో పుస్తకంలో రాయి." అట్టముక్కకి డబ్బు తీసుకోలేదు. మీరు నుంచి నువ్వులోకి దిగిపోయారని కూడా ఇంటికి వచ్చాకే గమనించాను.

పౌరుషం కొద్దీ తిరిగాను. ఒక కన్ను మూసి, దారం బుగ్గకి ఆనించుకుని రోడ్డు మీద నిలబడితే పిచ్చివాడి కింద చూసేవారు. గోవాడ ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు బళ్లు, కె.కోటపాడు రోడ్డులో గొర్రెల మంద, సంతలో ఉల్లిపాయల కుప్పలు, బస్సు టాపు మీద జనం. దాదాపు అన్నీ రెండో ముడి లోపలే సరిపోయాయి. చాలా వాటికి రెండడుగులు ముందుకు వేస్తే మొదటి ముడే చాలు. మూడో ముడి దగ్గర నా పుస్తకంలో ఒకే ఒక్క సంగతి ఉంది. అది పదకొండుసార్లు ఉంది.

జిలానీ గారు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వేలితో చదివారు. "గానుగ పాక, కాలవ గట్టు నుంచి. గానుగ పాక, కాలవ గట్టు నుంచి. ఎవులిదా గానుగ?"

"మా అన్నయ్యది."

"మరి గట్టు మీదేటి పని?"

చెప్పాను. మోపుల సంగతి, ఏడుగురి సంగతి, నవ్విన నలుగురి పేర్లు, చివర్లో అమ్మ దగ్గు సంగతి. ఆయన నవ్వలేదు, తప్పు ఎవరిదో చెప్పలేదు. అట్ట కిటికీని తిప్పుతూ, "అమ్మకి ఏ పూట దగ్గు ఎక్కువ?" అని మాత్రం అడిగారు. తర్వాత లెన్సు తీసి నా చేతిలో పెట్టారు. "అమ్మటం కాదు. ఎరువు. పని అయినాక తిరిగిచ్చెయ్యాల. ఎల్లి ఫొటో తీసుకురా."

ఆదివారం మధ్యాహ్నం గట్టు మీద నిలబడి ఒక రోలు మొత్తం తీశాను. సోమవారం ఆయన చీకటిగదిలో కడిగి, ప్రింట్లు ఒకటొకటిగా నా ముందు పేర్చారు. పాక కప్పు చక్కగా వచ్చింది. పొగ వచ్చింది. బయట ఆరబోసిన పిప్పి పుల్లలు లెక్కపెట్టుకోవచ్చు. పాక లోపల మాత్రం నల్లటి మసి. ఆ మసిలో బూడిదరంగు మచ్చ ఒకటి వంగి ఉంది. అది మా అమ్మ.

"లెన్సు బాగోలేదండీ" అన్నాను. ఫిర్యాదు చేయడం నాకు అలవాటు.

"లెన్సు తప్పు కాదు బాబూ. నువ్వూ నేనూ కొనగల జూమ్‌కి పొద్దున్న ఎండలో కొండ కనపడతాది, నీడలో మనిషి కనపడడు. సీకట్లోకి సూసే పెద్ద లెన్సులున్నాయి. అవి కొనాలంటే మీ అన్నయ్య పొలం అమ్మాల." అప్పుడు నా కెమెరాకి వచ్చిన చిన్న లెన్సుని గోటితో తట్టారు. "సీకట్లోకి ఇది సూస్తాది. కానీ దూరం సూడనేదు."

"మరేం చెయ్యాలి?"

"నన్నడుగుతావేటి? నీ కాళ్లనడుగు."

ఆ మాటకి కూడా నాకు కోపం వచ్చింది. రెండు రోజులు స్టూడియో వైపు వెళ్లలేదు. మూడో రోజు అమ్మ దగ్గు మళ్లీ ఎక్కువైందని ఊరి నుంచి వచ్చిన వాళ్లు చెప్పారు. సెలవు పెట్టి బస్సెక్కాను. గట్టు మీద నిలబడి జూమ్ పెట్టి చూశాను. గట్టు దిగి మళ్లీ చూశాను. అలా చూస్తూ, ఒక్కొక్క అడుగూ వేస్తూ, చివరికి పాక గుమ్మంలో నిలబడ్డాను. అన్నయ్య పొయ్యిలోకి పిప్పి తోస్తూ తల ఎత్తాడు. మూడేళ్లలో అతని చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"గుమ్మంలో నిలబడకు. గాలి ఆగిపోతంది" అన్నాడు. "వస్తే లోనికి రా, నేదంటే ఎల్లు."

లోపలికి వెళ్లాను. అమ్మ నన్ను చూసి కొంగు సర్దుకుని, "ఒరే సిన్నోడా, ఆ గొట్టమేటి, తుపాకీలాగ!" అంది. గొట్టం విప్పి, పెనం పక్కనున్న గోనె మీద పెట్టి, చిన్న లెన్సు తగిలించాను. ఫొటో అంటే ఆమె కర్రలా బిగుసుకుపోయేది. అన్నయ్య అది చూశాడు. "అమ్మా, పాకం సూడు, ముదిరిపోతంది" అని అరిచాడు. అంతే, నన్ను మర్చిపోయింది. చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో నొక్కి, మంట వెలుగులో పైకెత్తి చూసుకుంది. ఆమెకీ నాకూ మధ్య మూడడుగులు కూడా లేవు. కెమెరా మీట నొక్కాను. పాకం అప్పటికింకా ముదరలేదని తర్వాత అన్నయ్య చెప్పాడు.

ఆ సంతోషంలో లెన్సుని గోనె మీదే వదిలేశాను. మూత పెట్టలేదు. రెండు గంటలు దాని మీదికి చెరుకురసం ఆవిరి కొట్టింది. మర్నాడు తెల్లవారి చూస్తే గది తలుపు కింది నుంచి సంచీ దాకా చీమల బారు. రింగు కదల్లేదు. అద్దం మీద జిగురు.

ఇంకొకరి వస్తువు. నన్ను ఎవరు ఏ మాట అంటే ఎలా బదులు చెప్పాలో ముందే సిద్ధం చేసుకునే నేను, ఆ ఉదయం స్టూడియోకి ఒక్క మాట కూడా లేకుండా వెళ్లాను. జిలానీ గారు లెన్సుని వాసన చూశారు. "బెల్లమే" అన్నారు. తర్వాత ముందుగా అడిగింది, "ఫొటో వచ్చిందా?" అని.

ఫిల్ము ఇచ్చాను. ఎర్రదీపం వెలుగులో, మందునీళ్ల పళ్లెంలో తెల్లకాగితం మీద ముందు మంట వచ్చింది, తర్వాత అమ్మ వేళ్లు, తర్వాత ముఖం. ఆయన పట్టకారుతో కాగితాన్ని ఎత్తి, నీళ్లు కారనిచ్చి, "మా అమ్మది ఒక్కటీ నేదు బాబూ" అన్నారు. "ఊరందరి ఫొటోలూ తీసేను. ఇంట్లోదే కదా, రేపు తీద్దారి అనుకున్నాను." ఆయన తన గురించి నాకు చెప్పిన మాట అదొక్కటే.

లెన్సు విప్పి, స్పిరిట్లో ముంచిన దూదితో వారం రోజులు తుడిచారు. చీమలు పోయాయి, అద్దం తేటపడింది. రింగు మాత్రం ఒకచోట పట్టేస్తూనే ఉంది. అప్పుడు దాన్ని నాకు అమ్మారు. ఒక్క రూపాయి తగ్గించలేదు. "పాడైపోయింది కదండీ" అంటే, "పాడుసేసినోడివి నువ్వే. తగ్గిస్తే నీకు జాగర్త ఉండదు" అన్నారు. ఈ విషయంలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

అమ్మ మరో గానుగ చూడలేదు. ఆ ఫొటో అన్నయ్య ఇంట్లోనూ మా ఇంట్లోనూ ఉంది. జిలానీ గారు పోయి కూడా చాలా కాలమైంది. ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. విశాఖపట్నంలో ఒక మెకానిక్ రింగు సరిచేస్తానన్నాడు, గంట పని అన్నాడు. వద్దన్నాను.

మొన్న ఎండబెట్టిన లెన్సుని కెమెరాకి తగిలించుకుని అన్నయ్య దగ్గరకు వెళ్లాను. అరుగు మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. వీధిలోనే నిలబడి, అతని ముఖం దగ్గరగా రావాలని రింగు తిప్పాను. ఎప్పటి చోటే పట్టేసింది.

"ఆ డబ్బా ఇంకా పారేయనేదేటిరా?" అన్నాడు అన్నయ్య.

ఆ మాట ఎన్నోసారి అన్నాడో నాకు తెలుసు. రింగుని బలవంతం చేయలేదు. ఆగిన చోటే దాన్ని ఉండనిచ్చి, అరుగెక్కాను.