పాత వెర్షన్ మేడం

హనుమాన్ జంక్షన్ దాటాక హైవే పక్కనే ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు చూస్తున్నాను. ఏ చెరువు రొయ్య ఏ రోజు లోపలికి వచ్చింది, ఎంత చలిలో గడ్డకట్టింది, ఏ పెట్టెలో ఏ దేశానికి వెళ్లింది అన్న వివరమంతా నా సర్వర్ గదిలో ఉంటుంది. ఆ గది గోడకి ఫ్రేము కట్టించిన నా సర్వర్ సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ వేలాడుతూ ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత యంత్రాలు మూడు తెచ్చుకుని, ఇంట్లో వాటిని విప్పి బిగించి, చెడగొట్టి బాగుచేసి, పరీక్ష రాసి తెచ్చుకున్నది. అప్పట్లో మా ఊళ్లో అది ఉన్నవాళ్లు చాలా తక్కువమంది.

కిందటేడాది కొత్త జనరల్ మేనేజర్ వచ్చారు. అంతకు ముందు సిమెంటు కంపెనీలో చేసిన మనిషి. చేరిన వారానికి నా గదిలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ ఫ్రేమును పెళ్లి ఫోటో చూసినట్టు చూశారు.

"మేడం, ఈ వెర్షన్ ఎప్పుడో పోయిందంట గదండీ?"

"పోలేదు సార్. దాన్ని తయారుచేసిన కంపెనీ సపోర్ట్ ఆపేసింది."

"అదేనండీ, పోవడమంటే అదే గదా. రెండు నెలల్లో బయ్యర్ ఆడిట్ ఉందండీ. ఐటీ వాళ్ల సర్టిఫికెట్లు కరెంట్‌లో ఉండాలంట, అంటే ఇప్పటి వెర్షన్‌వే. లిస్టులో పాయింటు ఉంది."

"ఇన్నేళ్లలో సర్వర్ ఒక్క పూట ఆగిందా సార్? అడిగి చూడండి."

"ఆ పాయింటు లిస్టులో లేదండీ," అన్నారాయన. వెటకారం కాదు. నిజంగానే లేదు, చూసుకునే చెప్పారు.

మర్నాటికి ఫ్యాక్టరీలో నా పేరు 'పాత వెర్షన్ మేడం' అయింది. ఆయన ఎక్కడో నవ్వుతూ అని ఉంటారు. ప్యాకింగ్ హాల్లో అమ్మాయిలు నా ముందు అనరు గానీ, నేను తలుపు తీసేసరికి నవ్వు ఆపుకునేవాళ్లు.

సర్టిఫికెట్ ఇచ్చిన విదేశీ కంపెనీకి రాశాను. పాతదాన్ని కొత్త వెర్షన్‌కి మార్చుకునే చిన్న పరీక్ష ఒకటి ఉండేదని నాకు గుర్తు. ఉండేదట. రెండు వెర్షన్ల కిందట ఎత్తేశారట. నేను మొదటి మెట్టు నుంచి రాసుకోవచ్చట. చివర్లో, నా అభ్యసన ప్రయాణం ఆనందంగా సాగాలని కోరుకున్నారు. ఆ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన మేముండే గుణదలలోనే ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు.

"అయితే నిన్ను మళ్లీ ఎల్కేజీలో చేర్చుకుంటారన్నమాట," అని నవ్వారు.

"యూనిఫాం మీరే కుట్టించండి," అని వంటింట్లోకి వెళ్లిపోయాను. నాకు నవ్వు రాలేదు.

ఒక శనివారం సెలవు పెట్టి గవర్నరుపేటలో ఒక ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లాను. కింద బట్టల షాపు, మూడో అంతస్తులో సెంటరు. లిఫ్టు పనిచేయదని కాగితం అంటించారు. ఆ కాగితం కూడా పాతబడి పచ్చబడింది. లోపల గోడల నిండా పాసైన వాళ్ల ఫోటోలు, కింద మార్కులు. టేబుల్ వెనక టై కట్టుకున్న ట్రైనర్ నన్ను చూడగానే కుర్చీ చూపించాడు.

"చెప్పండమ్మా, మీ బాబు ఏం చదివాడు?"

"బాబుకి కాదండీ. నాకే."

అతని మొహంలో జాలి లాంటిదేదో వచ్చి పోయింది. నేను అప్పటికే సిలబస్ ప్రింటు తీసుకుని వెళ్లాను. ఎన్ని గంటలు చెబుతారు, ప్రాక్టీసుకి ల్యాబ్ ఉందా అని అడిగాను.

"ల్యాబ్ ఎందుకండీ?" అన్నాడు. ఆ ఆశ్చర్యం నటన కాదు. "డంప్స్ ఇస్తామండీ. పరీక్షలో వచ్చే ప్రశ్నలూ, జవాబులూ. పీడీఎఫ్ మీ వాట్సాప్‌కి వచ్చేస్తుంది. వారం కూర్చుంటే చాలు."

"అర్థం కాకపోతే ఎవర్ని అడగాలి?"

"అయ్యో, అర్థం చేసుకోవద్దండీ. అర్థం చేసుకుంటే కన్‌ఫ్యూజ్ అయిపోతారు."

ఇన్నేళ్ల నా వృత్తి గురించి ఇంత సూటిగా నాతో ఎవరూ మాట్లాడలేదు. లేచి దణ్ణం పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే గోడ మీద ఆ ఫోటోలన్నీ మళ్లీ కనిపించాయి. వాళ్లలో కొందరు ఆస్పత్రుల్లో, కొందరు బ్యాంకుల్లో సర్వర్లు చూస్తూ ఉంటారు కదా అనుకుంటే ఒళ్లు మండింది.

సోమవారం తెలిసింది, నా కింద పనిచేసే అసిస్టెంటు ముందే అక్కడ చేరాడని. పామర్రు నుంచి వచ్చినవాడు, ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. క్యాంటీన్లో ఇడ్లీ ముందు పెట్టుకుని కళ్లు మూసుకుని, "ముప్పై ఏడు బి, ముప్పై ఎనిమిది డి" అని గొణుక్కుంటున్నాడు.

"ముప్పై ఏడులో ప్రశ్న ఏంటి?" అని అడిగాను.

"ప్రశ్న మొదటి మూడు మాటలు చాలు మేడం. మిగతాది చదివితే టైం వేస్టు."

తొమ్మిది రోజుల్లో పాసయ్యాడు. చాలా మంచి మార్కులు. జనరల్ మేనేజర్ గారు క్యాంటీన్లో కేకు కోయించారు.

నేను సొంతంగా చదవాలని కూర్చున్నాను. తెల్లవారి కాఫీ పెట్టుకుని, ఫ్యాక్టరీ బస్సు వచ్చేదాకా గంటన్నర. పరీక్ష కోసం ఆ విదేశీ కంపెనీ వేసిన పుస్తకమంత నీచంగా రాసిన పుస్తకం నేను చూడలేదు. నేను పది మాటల్లో చెప్పే సంగతికి పది పేజీలు. ప్రతి పాత పనికీ ఒక కొత్త పేరు, ఆ పేరు పక్కన తమ కంపెనీ సరుకు ఒకటి. పెన్సిలుతో అంచుల్లో తిట్లు రాసుకుంటూ చదివాను. మా ఆయన ఒకరోజు ఆ తిట్లు తిరగేసి, "పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు నేను కూడా ఇంత ఘోరంగా రాయను," అన్నారు.

అందులో బ్యాకప్ గురించి ఒక అధ్యాయం ఉంది. సమాచారానికి రెండో కాపీ తీసి దాచడం. దాని గురించి నాకు చెప్పేవాడెవడు? రోజూ ఉదయం తొమ్మిదికి నా సర్వర్ నుంచి 'బ్యాకప్ విజయవంతంగా పూర్తయింది' అని మెయిల్ వస్తుంది. ఆ అధ్యాయం చివర ఒక అభ్యాసం ఇచ్చారు. దాచిన కాపీని ఖాళీ యంత్రంలో పోసి, అది లేచి పనిచేస్తుందో లేదో చూడాలట. చిన్నపిల్లలకి చెప్పినట్టు అంకెలు వేసి చెప్పారు. ఎంత వెర్రిగా రాశారో అసిస్టెంటుకి చూపించి నవ్వుదామని, ఒక మధ్యాహ్నం పనిలేని పూట మూలనున్న పాత యంత్రంలో ఆ పని మొదలుపెట్టాను.

యంత్రం లేచింది. రొయ్యల వివరాలన్నీ వచ్చాయి. అన్నిటికంటే తాజాగా వచ్చిన రొయ్య ఏదని వెతికితే, అది రెండేళ్ల కిందటిది.

తేదీ చూసుకుని మళ్లీ చేశాను. అదే. రెండేళ్ల కిందట కొత్త డిస్కు తెప్పించి, వివరాలన్నీ అందులోకి నేనే మార్చాను. బ్యాకప్‌కి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అది ఎవరూ లేని పాత ఫోల్డర్‌కి రోజూ వెళ్లి, ఉన్నదాన్నే మళ్లీ కాపీ చేసి, నాకు విజయవంతం అని మెయిల్ పంపుతోంది. ఆ రెండేళ్లలో ఆ డిస్కు ఒక్కసారి చెడిపోయి ఉంటే, ఏ పెట్టె ఏ చెరువుదో చెప్పగలిగేవాళ్లు భూమ్మీద లేరు.

ఏసీ గదిలో నా జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోయింది. అసిస్టెంటు పక్కనే నిలబడి తెర వంకా నా వంకా చూస్తున్నాడు. డంప్స్ బట్టీ కొట్టేవాడని వాణ్ణి చూసి ఎంత చులకనగా నవ్వానో గుర్తొచ్చింది. వాడు మూడు మాటలు చదివి జవాబు పెడతాడు. నేను రెండేళ్లు మెయిల్ పైన ఒక్క మాట చదివి ఊరుకున్నాను.

సాయంత్రం బస్సు టైముకి సరిచేశాను. కొత్త కాపీ తీసి, దాన్ని మళ్లీ ఖాళీ యంత్రంలో పోసి, ఆ రోజు పొద్దున వచ్చిన రొయ్య కనిపించాకే కుర్చీలోంచి లేచాను. మర్నాడు జనరల్ మేనేజర్ గారి గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు నాదేనన్నాను.

ఆయన అంతా విన్నారు. "ఇప్పుడు బానే ఉంది గదండీ?"

"ఉంది సార్."

"అయితే ఎక్కడా రాతలో పెట్టకండి. మీ సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందండీ మరి?"

తిడతారేమో, మెమో ఇస్తారేమో అని గుండె గట్టి చేసుకుని వెళ్లినదాన్ని. తిట్టి ఉంటే ఆయన మీద కాస్త గౌరవం కలిగేది.

పరీక్ష బెంజి సర్కిల్ దగ్గర ఒక సెంటర్లో రాశాను. అక్కడి అమ్మాయి నా వాచీ, చెవి దిద్దులు, మెడలో సిలువ గొలుసు తీయించి, కళ్లజోడు వెనక్కి తిప్పి చూసి, చీర కుచ్చిళ్లు దులపమంది. ఇంతా చేసి లోపల అడిగినవి చాలావరకు ఆ కంపెనీ సరుకుల పేర్లు. ఏ పనికి ఏ సరుకు కొనాలి అన్నదే ప్రశ్న. బొటాబొటీగా పాసయ్యాను. నా మార్కులు అసిస్టెంటు మార్కులకి చాలా దూరంలో ఆగిపోయాయి. కేకు మాత్రం తప్పలేదు. దాని మీద క్రీముతో నా వెర్షన్ నంబరు రాయించారు, అది కూడా తప్పు.

ఆడిట్‌కి వచ్చినాయన పొద్దున నుంచి తెల్ల గమ్‌బూట్లు వేసుకుని చేతులు కడుక్కునే కుళాయిలు లెక్కపెట్టారు. తలకి నెట్ లేని ఒకామెని పట్టుకుని ఫోటో తీశారు. మధ్యాహ్నం రొయ్యల వేపుడు రెండుసార్లు వడ్డించుకున్నాక మా ఫైలు తెరిచారు. రెండు సర్టిఫికెట్లు చూసి, "ఇవి కరెంట్‌లోనే ఉన్నాయా?" అన్నారు.

"ఫుల్ కరెంటండీ," అన్నారు జనరల్ మేనేజర్.

టిక్కు పెట్టి ఫైలు మూసేశారు. అంతే. నేను బ్యాకప్ రికార్డులు పట్టుకుని నిలబడ్డాను, ఎవరూ చూడలేదు.

ఆ తర్వాతి నెల నుంచి నెలనెలా మొదటి శనివారం మధ్యాహ్నం అసిస్టెంటుని ఖాళీ యంత్రం ముందు కూర్చోబెట్టి, బ్యాకప్ కాపీని అందులో పోయిస్తున్నాను. మొదటిసారి వాడికి మూడున్నర గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు చెడగొట్టాడు. ఒకసారి విసుగొచ్చి, "పాసయ్యాం కదా మేడం, ఇంకా ఎందుకండీ ఇది?" అన్నాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి వాడే చేశాడు. ఇప్పుడు నేను అక్కడ లేకపోయినా చేస్తాడు. జనరల్ మేనేజర్ గారికి మేమిద్దరం శనివారాలు ఆ గదిలో ఏం చేస్తామో ఇప్పటికీ తెలియదు, అడగనూ లేదు.