దారం జానెడు ఎక్కువైంది

పోలీస్ యాక్షన్‌కు కొద్దిరోజుల ముందు ఒక పొద్దున, మా ఆయన దేవయ్య జొన్న గటుక గిన్నెలో చెయ్యి ముంచి, ముద్దను నోటికి బదులు చెవి దగ్గరికి తీసుకుపోయారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన వడ్రంగి. ముందురోజు కుల్చారంలో తలుపులు బిగించి మెదక్‌కు తిరిగొస్తుంటే రజాకార్లు ఆపి, నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ల మనిషివా అంటూ తుపాకి మడమతో తలమీద కొట్టారు. "నెత్తురు గూడ రాలే, ఏం గాలే" అన్నారు. అన్నం తిని పడుకున్నారు. పొద్దునకు మాట ముద్దముద్దగా వచ్చింది. మధ్యాహ్నానికి ఎంత పిలిచినా పలకలేదు. నా మరిది రత్నం వాడవాళ్లను పిలుచుకొచ్చి మంచంతో సహా దవాఖానకు మోయించాడు.

డాక్టరమ్మ కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూసింది. "కోమా. తల లోపల బ్లీడింగ్ ఉన్నది, ప్రెషర్ పెరుగుతున్నది" అంది. ముక్కులో ట్యూబు వేశారు. తర్వాత రత్నాన్ని వరండాలోకి పిలిచింది. అసలు సంగతి మగవాళ్లకే చెప్పడం అప్పటి రివాజు, నేనూ తప్పనుకోలేదు.

రత్నం లోపలికొచ్చి "ఉమ్మీద్ ఉందట వదినె, ఆశ ఇడువద్దట. నిద్ర లెక్కనేనట" అన్నాడు. నమ్మాను. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి నా చేత్తో కలిపిన అన్నం తిని పెరిగినవాడు, ఎందుకు నమ్మను?

మర్నాడు వాడు దారపు ఉండ తెచ్చి, అన్న తల నుంచి పాదాల దాకా సాగదీశాడు. "గిదెందుకు?" అంటే, "అన్న ఎత్తు కొవ్వొత్తి చర్చిల ముట్టిస్తనని మొక్కిన" అన్నాడు. మడమలు దాటి జానెడు అవతల ముడి వేశాడు. అన్న మీద ప్రేమకు కొలత తప్పిందనుకున్నాను.

మూడోనాడు మారు బట్టల కోసం ఇంటికి పోయాను. కొట్టంలో రత్నం చిత్రిక పడుతున్నాడు. మా బీరువా కోసం ఆయన దాచిన టేకు పలకలు. వాటిమీద ఆ దారం. వడ్లోళ్ల కోడలిని, నాకు తెలియదా? కొవ్వొత్తికి మనిషెత్తు సరిపోతుంది. జానెడు ఎక్కువ కొలిచేది శవప్పెట్టెకే.

"నీ అన్న ఊపిరి తీస్తుండంగనే పెట్టె చేస్తున్నవారా?"

"బతకడన్నది వదినె, డాక్టరమ్మ. నీకెట్ల చెప్పాలె?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడంటారే, వీడు లెక్కపెట్టి ఊరుకోలేదు, చిత్రిక కూడా పట్టాడు. చేతిలో బట్టలు అక్కడే పారేసి దవాఖానకు ఉరికాను.

బతకడని మా మరిదికి చెప్పినవా అని అడిగితే డాక్టరమ్మ నివ్వెరపోయింది. "ఆపరేషన్ లేకపోతే బతకడు అన్నాను. హైదరాబాద్‌కు పంపుదామంటే తోవలు బంద్. ఈ ఆపరేషన్ వేరేవాళ్లు చేస్తుంటే నేను ఒకసారి చూశాను, అంతే. అయినా చేస్తానని సంతకానికి పేపర్ ఇచ్చాను. మీ మరిది తిరిగి ఇచ్చాడు. భార్యకు ఇష్టం లేదన్నాడు."

భార్య అంటే నేను. ఆయన చావుకు ఒప్పుకున్నది నేనట! ఆయన బతకరన్న మాట కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

"ఏం ఆపరేషనమ్మా?"

"మీ ఇంట్లో బర్మా ఉంటుంది కదా, కర్రకు రంధ్రం చేసేది? అట్లనే ఎముకకు చిన్న రంధ్రం. లోపలి రక్తం బయటికి వస్తుంది. ఎక్కువ ఆశ పెట్టుకోకు."

నా పేరు మార్తమ్మ. చర్చి బడిలో నేర్చుకున్న మూడక్షరాలు కాగితం మీద పెట్టాను. వెనకే ఉరికొచ్చిన రత్నం గోడకు ఆనుకొని ఏడుస్తున్నాడు. "కర్రకే బర్మా జర వంకర పోతే పగుల్తది వదినె. గసోంటిది మా అన్న తలకాయకా?" నేను తల తిప్పలేదు.

ఆపరేషన్‌లో నల్లటి నెత్తురు బయటికి పోయింది. ప్రాణం నిలిచిందనుకునేలోగా జ్వరం పట్టుకుంది, కుట్ల దగ్గర చీము. పెన్సిలిన్ ఉన్న రెండు సీసాలూ అయిపోయాయి. ఊరంతా మిలిటరీ లారీలను చూడటానికి రోడ్డెక్కిన రోజున, తడిగుడ్డ వేస్తుంటే ఆయన కళ్లు తెరిచి "నీళ్లు" అన్నారు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఆయన కుడిచేతికి పట్టు లేదు. ఆయన చెబితే నేను గీత గీస్తాను, రత్నం కోస్తాడు. ఆ పలకలతో బీరువానే చేయించాను. ఆయన తమ్ముణ్ని ఎన్నడో క్షమించారు. నేను అన్నం పెడతాను, అంతవరకే.

నా లాంటివాళ్లకు ఒకటే చెబుతాను. డాక్టరు వరండాలోకి ఎవరిని పిలిచినా మీరూ లేచి పొండి. చెడ్డమాటైనా మీ చెవితోనే వినండి. కాగితం మీ చేతికే ఇమ్మని అడగండి.

మొన్న అన్నం తింటూ రత్నం మళ్లీ అన్నాడు, "భయపడ్డ వదినె, గంతే."

"భయమైతే నీ పేరు మీద చెప్పుకోవాలె రత్నం. నా పేరు మీద వద్దన్నవు" అన్నాను.