మూడు అంగుళాల ఖాళీ

2018 ఫిబ్రవరి. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డున ఉన్న ఒక ట్రాక్టర్ వర్క్‌షాపులో నేను ఫోర్‌మన్‌గా చేరి అప్పటికి ముప్పై ఒక్క సంవత్సరాలు. నా దగ్గరకు వచ్చిన ప్రతి బండికీ ఒక కాగితం ఉండేది: వచ్చిన తేదీ, విప్పక ముందు కొలత, బిగించిన తర్వాత కొలత. కాగితం మీద లేని దానిని నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ అలవాటు వల్లనే ఒక మనిషి బతుకు పాడైందని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మా ప్రాంతపు జాతరల్లో ట్రాక్టర్ రివర్స్ పోటీలు జరుగుతాయి. రెండు చక్రాల ట్రాలీని తగిలించి, రెండు వరుసల జెండాల మధ్య నూరు మీటర్లు వెనక్కి నడపాలి. జెండా తగిలితే కాలానికి అయిదు సెకన్లు కలుపుతారు. చూసేవారికి వినోదమే గాని, నడిపేవాడికి మెడ, కళ్లు, చేతులు మూడూ ఒక్కటై పనిచేయాలి. విరూపాక్షి శెట్టి అనే పత్తి వ్యాపారి పాత ట్రాక్టర్ మీద వన్నూరప్ప అనే డ్రైవరు వరుసగా నాలుగేళ్లు మొదటి బహుమతి తెచ్చాడు. వన్నూరప్పది ఎమ్మిగనూరు. వయసు ముప్పై ఆరు.

శెట్టికి రెండు ట్రాక్టర్లు ఉండేవి. కొత్తదానిని ఇమాం నడిపేవాడు. ఆ ఏడు శెట్టి ఒక బండిని అమ్మివేసి, ఒక్క డ్రైవరునే ఉంచుకోవాలని నిశ్చయించుకున్నాడు. గెలిచే బండి గనుక పాతదానినే ఉంచుకుంటాడు. దాని మీద కూర్చునేది ఎవరు? ఇద్దరినీ వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

“బండి గెలుస్తాంది, వీడు కూసోని వస్తాండాడు. అంతే కదా సార్?” అన్నాడు శెట్టి నవ్వుతూ.

“అట్లయితే ఈసారి నువ్వే కూసో శెట్టీ. కప్పు తెస్తువులే,” అన్నాడు వన్నూరప్ప.

ఇమాం పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. శెట్టి మాత్రం మళ్లీ నవ్వలేదు.

తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను ఒప్పుకున్నాను. పద్ధతి సులభంగానే తోచింది. ఇద్దరు డ్రైవర్లు, రెండు బండ్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క బండి మీద మూడుసార్లు. సగటు తీస్తే బండి వల్ల వచ్చే తేడా ఎంత, మనిషి వల్ల వచ్చే తేడా ఎంత అన్నది విడివిడిగా తేలుతుంది. అయితే రెండు బండ్లూ సరైన స్థితిలో ఉంటేనే ఆ పోలికకు అర్థం. అందుకని ముందురోజు రెండింటినీ షెడ్డులోకి తీసుకున్నాను.

పాత బండి స్టీరింగ్‌లో ఫ్రీ ప్లే చాలా ఉంది. ఫ్రీ ప్లే అంటే స్టీరింగ్ చక్రం తిప్పినా ముందు టైర్లు కదలకుండా ఉండే ఖాళీ. అంచు దగ్గర కొలిస్తే డెబ్బై ఎనిమిది మిల్లీమీటర్లు, అంటే మూడు అంగుళాల పైన. ట్రాలీని తగిలించే హిచ్ పిన్ రంధ్రం కూడా అరిగి కోడిగుడ్డులా సాగింది. ఆ పిన్ మార్చి, స్టీరింగ్‌లో అరిగిన బుష్ అనే లోపలి గొట్టాన్ని కొత్తది వేసి, ఖాళీని ముప్పై మిల్లీమీటర్లకు తెచ్చాను.

వన్నూరప్ప వచ్చి చక్రం ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని ముఖం మారిపోయింది.

“ఇది నా బండి కాదు సార్. ఆరేండ్ల నుంచి ఆ ఖాళీని లెక్కబెట్టుకోని తిప్పుతాండాను. చేతులకు అదే తెలుసు. వారం దినాలు ఇయ్యి, దీనికి నేర్సుకుంటాను.”

అతనికి వారం ఇస్తే ఇమాంకూ ఇవ్వాలి, అప్పుడు సమానమే అవుతుందని నాకు తట్టలేదు. ఒకరి కోసం తేదీ మార్చడం న్యాయం కాదన్నాను. జాతరలో అతని గెలుపు కాలం నలభై తొమ్మిది సెకన్లు. దానిని కూడా పట్టికలో చేర్చమని అడిగాడు. అది నా స్టాప్‌వాచ్‌తో తీసినది కాదు గనుక చేర్చలేదు.

మరునాడు మార్కెట్ యార్డు వెనక మైదానంలో పన్నెండు పరుగులూ పూర్తయ్యాయి. పాత బండి మీద ఇమాం సగటు యాభై ఎనిమిది, వన్నూరప్పది అరవై ఆరు. కొత్త బండి మీద ఇమాంది అరవై, వన్నూరప్పది అరవై ఏడు. వన్నూరప్ప ప్రతిసారీ అవసరానికి మించి తిప్పాడు, సరిదిద్దబోయి జెండాలు తగిలించాడు. బండి వల్ల తేడా రెండు సెకన్లకు మించలేదు. మనిషి వల్ల తేడా ఏడెనిమిది. కాగితం మీద సంతకం చేసి శెట్టికి ఇచ్చాను. శెట్టి కొత్త బండిని అమ్మివేసి, వన్నూరప్పను తీసివేసి, పాత బండి ఇమాంకు ఇచ్చాడు.

2019 జనవరి జాతరలో అదే పాత బండి మీద ఇమాం తొమ్మిదో స్థానంలో వచ్చాడు. బండి చెడగొట్టినావని శెట్టి నా మీదికి వచ్చాడు. స్టీరింగ్ ఖాళీని కొలిచి చూపించాను: అదే ముప్పై. ఇమాం కాలం యాభై ఏడు. నేను తీసిన సగటుకు ఒక్క సెకను తేడా. నా కొలతల్లో ఒక్కటీ తప్పు కాలేదు. అదే నన్ను కుంగదీసింది. నలభై తొమ్మిది సెకన్లు బండిలో లేవు, బండి అక్కడే ఉంది. మనిషిలోనూ లేవు, మనిషిని నేనే కొలిచాను. ఆ బండీ ఆ మనిషీ కలిసి ఆరేళ్లలో కూడబెట్టుకున్నదానిని ఒక బుష్‌తో, ఒక పూటలో తీసివేసి, మిగిలినదానిని కొలిచి ప్రతిభ అని రాశాను.

ఇదంతా ఒక ఉత్తరంగా రాసి, సంతకం చేసి, ఎమ్మిగనూరు వెళ్లాను. వన్నూరప్ప అక్కడి మార్కెట్ యార్డులో హమాలీగా వేరుశనగ మూటలు మోస్తున్నాడు. ఎక్కడా డ్రైవరు పని దొరకలేదని చెప్పాడు. అడిగినచోటల్లా శెట్టి ఎందుకు తీసివేశాడనేవారట. ఆదోని ఫోర్‌మన్ లెక్క కట్టి చూపించాడని ఇతడే నిజం చెప్పేవాడట. ఆ తర్వాత ఎవరూ తాళం ఇవ్వలేదు.

నా లెక్కలో పొరపాటు జరిగిందని, ఈ ఉత్తరం చూపిస్తే పని ఇస్తారని చెప్పాను. అతను భుజం మీది గోనె తీసి దులిపి, ఉత్తరం అందుకోకుండానే అన్నాడు:

“పొరపాటు ఏముంది సార్. నేనే ఒగ దినం నడిపి సూస్తి. మా మామ బండి అడిగి తీస్తే గోడకు తగిలించినాను. ఇప్పుడు ఖాళీ ఉన్న బండీ రాదు, లేని బండీ రాదు. నువ్వు రాసినప్పుడు తప్పేమో గాని, ఇప్పుడు అది కరెక్టే.”

మేస్త్రీ పిలిస్తే మూటల వైపు వెళ్లాడు. ఉత్తరం నా చేతిలోనే మిగిలింది. నేను దానిని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత రెండేళ్లు ఉద్యోగం చేశాను. ఏ డ్రైవరు గొప్ప, ఏ బండి గొప్ప అని అడిగినవారికి జవాబు చెప్పలేదు. ఈ కేసు నేర్పింది ఒక్కటే: సరైన కొలత తప్పుడు కొలత కంటే ఎక్కువ హాని చేయగలదు, ఎందుకంటే దెబ్బ తిన్నవాడు కూడా దానిని నమ్ముతాడు.